డీఎం542 డ్రైవర్‌ను సీఎన్‌సీ బ్రేకౌట్ బోర్డుకు కలపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ జవాబులు మన దగ్గర కంప్యూటర్‌తో నడిచే చిన్న వుడ్ రూటర్లలో (చెక్క చెక్కే మిషన్లలో) ఎక్కువగా కనిపించే అమరికకు సరిపోతాయి. 25 పిన్నుల ప్యారలల్ పోర్ట్ ఉన్న ఐదు అక్షాల బ్రేకౌట్ బోర్డు (కంప్యూటర్ సిగ్నళ్లను డ్రైవర్లకు పంచేది), డీఎం542 లేదా టీబీ6600 డ్రైవర్లు (ఆ సిగ్నళ్లను బట్టి మోటారుకు కరెంటు ఇచ్చేవి), నీమా 23 స్టెప్పర్ మోటార్లు, 36 వోల్టుల ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై), కంప్యూటర్‌లో మిషన్‌ను నడిపే మాక్3 లేదా లినక్స్‌సీఎన్‌సీ సాఫ్ట్‌వేర్ ఉన్నాయనుకుని రాశాం. ఆర్డునో (చిన్న కంట్రోలర్ బోర్డు) మీద జీఆర్‌బీఎల్ సాఫ్ట్‌వేర్ నడిపేవారికి తేడా ఉన్నచోట అది విడిగా ఉంది.

బ్రేకౌట్ బోర్డు లేకుండా డ్రైవర్‌ను నేరుగా కంప్యూటర్‌కు కలపకూడదా?

కలిపితే నడవొచ్చు, కానీ కలపకండి. ప్యారలల్ పోర్ట్ పిన్ను ఇవ్వగలిగే కరెంటు చాలా తక్కువ. డ్రైవర్ లోపలి ఆప్టోకప్లర్‌కు (సిగ్నల్‌ను వెలుగుగా దాటించే భాగానికి) సుమారు 10 మిల్లీఆంపియర్లు కావాలి. బోర్డు మీది బఫర్ ఐసీ ఆ కరెంటును అందిస్తుంది. ఎక్కడైనా వైరు జారి 36 వోల్టులు వెనక్కి తన్నితే చవకైన బోర్డు పోతుంది, మదర్‌బోర్డు బతుకుతుంది.

వైరింగ్ మొదలుపెట్టే ముందు ఏమేం దగ్గర ఉండాలి?

మల్టీమీటర్ తప్పనిసరి, అది లేకుండా మొదలుపెట్టొద్దు. చిన్న స్క్రూ టెర్మినళ్లకు సరిపోయే సన్నటి మైనస్ స్క్రూడ్రైవర్, వైరు చివర తొడిగే ఫెరుల్స్, వాటిని నొక్కే క్రింపింగ్ ప్లయర్ ఉండాలి. పోగుల వైరును ఫెరుల్ లేకుండా టెర్మినల్‌లో బిగిస్తే ఒక్క పోగు బయటికి వచ్చి పక్క టెర్మినల్‌ను తాకుతుంది. మోటారు వైపు అలా జరిగితే డ్రైవర్ అక్కడికక్కడే పోవచ్చు.

వైర్ల సైజులు ఇలా పెట్టుకోండి. బోర్డు నుంచి డ్రైవర్‌కు సిగ్నల్ కోసం 0.25 చదరపు మి.మీ. షీల్డెడ్ కేబుల్. డ్రైవర్ నుంచి మోటారుకు నాలుగు కోర్ల 0.75 లేదా 1 చదరపు మి.మీ. ఎస్ఎంపీఎస్ నుంచి డ్రైవర్‌కు 1.5 చదరపు మి.మీ. 230 వోల్టుల ఇన్‌పుట్‌కు ఎర్త్‌తో కలిపి మూడు కోర్ల 1.5 చదరపు మి.మీ. ఒక్కో డ్రైవర్‌కు 5 ఆంపియర్ల ఫ్యూజు విడిగా పెట్టండి.

25 పిన్నుల్లో ఏది దేనికి?

ప్యారలల్ పోర్ట్‌లో 12 అవుట్‌పుట్లు (1, 2 నుంచి 9, 14, 16, 17), 5 ఇన్‌పుట్లు (10, 11, 12, 13, 15) ఉంటాయి. 18 నుంచి 25 వరకు గ్రౌండ్. ఈ విభజన పోర్ట్‌దే కాబట్టి అన్ని బోర్డులకూ ఒకటే. దాని మీద అక్షాలను ఎలా పంచారన్నది మాత్రం బోర్డు తయారీదారు ఇష్టం. ఎక్కువ బోర్డుల్లో కనిపించే పంపకం ఇది (స్టెప్ అంటే మోటారును ఒక్కో అడుగు కదిపే పల్స్, డైరెక్షన్ అంటే ఏ వైపుకో చెప్పే సిగ్నల్):

- ఎక్స్: పిన్ 2 స్టెప్, పిన్ 3 డైరెక్షన్
- వై: పిన్ 4 స్టెప్, పిన్ 5 డైరెక్షన్
- జెడ్: పిన్ 6 స్టెప్, పిన్ 7 డైరెక్షన్
- నాలుగో అక్షం: పిన్ 8 స్టెప్, పిన్ 9 డైరెక్షన్
- పిన్ 14: అన్ని డ్రైవర్లకూ ఎనేబుల్ (మోటారు పట్టును ఆన్, ఆఫ్ చేసే సిగ్నల్)
- 10 నుంచి 13, 15: లిమిట్ స్విచ్‌లు (అక్షం చివరకు వచ్చిందని చెప్పేవి), ఎమర్జెన్సీ స్టాప్, ప్రోబ్ (కట్టర్ ఎత్తు చూసేది)

పిన్ 1, 16, 17 విషయంలో బోర్డులు విడిపోతాయి. ఒకదానిలో పిన్ 17 రిలే అయితే ఇంకోదానిలో ఐదో అక్షం డైరెక్షన్. బోర్డుతో వచ్చిన పటంలో చూసి ఖాయం చేసుకోండి. ఆర్డునో సీఎన్‌సీ షీల్డ్‌లో అయితే స్టెప్ 2, 3, 4; డైరెక్షన్ 5, 6, 7; ఎనేబుల్ 8.

బోర్డు మీద యూఎస్‌బీ సాకెట్ ఉంది కదా, మళ్లీ ప్యారలల్ కేబుల్ ఎందుకు?

ఈ రకం బోర్డుల్లో యూఎస్‌బీ కేవలం 5 వోల్టుల పవర్ కోసం. దానిలోంచి ఒక్క సిగ్నల్ కూడా రాదు. యూఎస్‌బీ పెట్టగానే లైటు వెలుగుతుంది, మాక్3లో మాత్రం ఏ అక్షమూ కదలదు. రెండు కేబుళ్లూ కావాలి. యూఎస్‌బీని ప్యారలల్‌గా మార్చే ప్రింటర్ కన్వర్టర్ ఇక్కడ పనికిరాదు. అది ప్రింటర్ డేటాను పంపగలదు గానీ, మైక్రోసెకన్ల లెక్కన పిన్నులను ఆడించలేదు. ప్యారలల్ పోర్ట్ లేని కంప్యూటర్ అయితే పీసీఐ స్లాట్ కార్డు వేయించండి, లేదా సొంత ప్రాసెసర్ ఉన్న మోషన్ కంట్రోలర్‌కు మారండి. మాక్3 ప్యారలల్ డ్రైవర్ 64 బిట్ విండోస్‌లో నడవదని కూడా కొనేముందే తెలిసి ఉండాలి.

డ్రైవర్ మీద పల్స్+, పల్స్−, డైర్+, డైర్− అని రెండేసి ఎందుకు ఉన్నాయి?

వైరింగ్ మొత్తంలో గట్టిగా అర్థం చేసుకోవాల్సింది ఇదే. తర్వాత వచ్చే చిక్కుల్లో సగం ఇక్కడే మొదలవుతాయి.

పల్స్+ కు, పల్స్− కు మధ్య డ్రైవర్ లోపల ఒక చిన్న ఎల్ఈడీ, దానితో వరుసలో ఒక రెసిస్టర్ ఉంటాయి. ఆ ఎల్ఈడీ వెలుగు అవతలి వైపున్న ఫోటో ట్రాన్సిస్టర్ మీద పడుతుంది. కంప్యూటర్ వైపు కరెంటుకూ, మోటారు వైపు కరెంటుకూ మధ్య రాగి సంబంధం లేకుండా వెలుగు మాత్రమే దాటుతుంది. దీన్నే ఆప్టోకప్లర్ అంటారు. డైర్ జంట లోపలా ఇదే ఉంది, ఎనేబుల్ జంట లోపలా ఇదే.

అంటే ప్రతి జంటనూ ఒక ఎల్ఈడీ బల్బులాగే చూడండి. ప్లస్ నుంచి మైనస్‌కు కరెంటు పారితే వెలుగుతుంది. ఒక్క వైరే కలిపి ఇంకొకటి గాల్లో వదిలేస్తే వెలగదు. తిప్పి కలిపినా వెలగదు. ఎల్ఈడీ ఆరి ఉన్న స్థితి నుంచి వెలిగే క్షణాన్నే డ్రైవర్ ఒక స్టెప్‌గా లెక్కపెడుతుంది.

కామన్ యానోడ్, కామన్ క్యాథోడ్: ఏది ఎంచుకోవాలి?

కామన్ యానోడ్‌లో పల్స్+, డైర్+ రెండూ బోర్డు 5 వోల్టుల టెర్మినల్‌కు వెళ్తాయి. బోర్డు స్టెప్ పిన్ను పల్స్− కు, డైరెక్షన్ పిన్ను డైర్− కు. పిన్ను 0 వోల్టులకు దిగినప్పుడు ఎల్ఈడీ వెలుగుతుంది.

కామన్ క్యాథోడ్‌లో పల్స్−, డైర్− రెండూ బోర్డు గ్రౌండ్‌కు. స్టెప్ పిన్ను పల్స్+ కు, డైరెక్షన్ పిన్ను డైర్+ కు. పిన్ను 5 వోల్టులకు ఎక్కినప్పుడు ఎల్ఈడీ వెలుగుతుంది.

బోర్డు ఏది కోరుతుందో దాన్నే ఎంచుకోవాలి. టెర్మినల్ వరుసలో అక్షాల పక్కనే 5 వోల్టుల టెర్మినల్ ఇచ్చి ఉంటే కామన్ యానోడ్ తేలిక. గ్రౌండ్ మాత్రమే ఇచ్చి ఉంటే కామన్ క్యాథోడ్. బోర్డు అవుట్‌పుట్ ఓపెన్ కలెక్టర్ రకం అయితే అది కరెంటును కిందికి లాగగలదు గానీ పైకి ఇవ్వలేదు, కాబట్టి కామన్ యానోడ్ ఒక్కటే దారి. ఒక డ్రైవర్‌కు ఒకటి, ఇంకో డ్రైవర్‌కు ఇంకొకటి కలపడం నిషిద్ధమేమీ కాదు. కానీ ఆరు నెలల తర్వాత పెట్టె విప్పిన మనిషికి అది నరకం. అన్నింటికీ ఒకే పద్ధతి పెట్టండి.

ఎంచుకున్న పద్ధతి సాఫ్ట్‌వేర్‌లోనూ సరిపోలాలి. మాక్3 పోర్ట్స్ అండ్ పిన్స్ కిటికీలో ఒక్కో అక్షానికి ‘స్టెప్ లో యాక్టివ్’ అనే గడి ఉంటుంది. సిగ్నల్‌ను తలకిందులు (5 వోల్టులను 0గా, 0ను 5గా) చేయని బఫర్ ఉన్న బోర్డుతో కామన్ యానోడ్‌కు అక్కడ టిక్ పెట్టాలి, కామన్ క్యాథోడ్‌కు పెట్టకూడదు. బోర్డు బఫర్ సిగ్నల్‌ను తిప్పేదైతే ఇది తలకిందులవుతుంది. తప్పు పెట్టినా మోటారు తిరుగుతుంది. అందుకే చాలామంది గమనించరు. ఆ తప్పు ఎలా బయటపడుతుందో కింద ‘కొలత జరిగిపోతోంది’ అన్న ప్రశ్నలో ఉంది.

ఎక్స్ అక్షాన్ని మొదటినుంచి చివరిదాకా ఏ వరుసలో కలపాలి?

అన్ని స్విచ్‌లూ ఆపి, ప్లగ్గు గోడ నుంచి పీకి మొదలుపెట్టండి.

1. డ్రైవర్ పక్కనున్న చిన్న స్విచ్‌లతో కరెంటు, మైక్రోస్టెప్ (ఒక స్టెప్‌ను ఎన్ని చిన్న ముక్కలు చేయాలన్నది) ముందే పెట్టండి. రెండింటికీ ఎంత పెట్టాలో కింద ఉంది.
2. మోటారు నాలుగు వైర్లను కాయిల్ జంటలుగా గుర్తించి ఏ+, ఏ−, బీ+, బీ− లకు బిగించండి. ఒక్కో వైరును మెల్లగా లాగి చూడండి.
3. ఎస్ఎంపీఎస్‌ను ఒంటరిగా వెలిగించి వోల్టేజి కొలవండి. ఏ టెర్మినల్ ప్లస్సో మీటర్‌తో ఖాయం చేసుకుని మళ్లీ ఆపండి.
4. ఎస్ఎంపీఎస్ ప్లస్‌ను ఫ్యూజు మీదుగా డ్రైవర్ ప్లస్‌కు, మైనస్‌ను మైనస్‌కు కలపండి. ఈ డ్రైవర్లలో చాలావాటికి తిరగేసిన వోల్టేజి నుంచి రక్షణ లేదు. ఒక్కసారి తారుమారు అయితే అంతే.
5. కామన్ యానోడ్ అయితే బోర్డు 5 వోల్టుల నుంచి పల్స్+ కు ఒక వైరు, అక్కణ్నుంచి డైర్+ కు చిన్న జంపర్. ఎక్స్ స్టెప్‌ను పల్స్− కు, ఎక్స్ డైరెక్షన్‌ను డైర్− కు.
6. ఎనేబుల్ రెండు టెర్మినళ్లూ ప్రస్తుతానికి ఖాళీగా వదలండి.
7. బోర్డుకు యూఎస్‌బీ, ప్యారలల్ కేబుళ్లు పెట్టి కంప్యూటర్‌ను, మాక్3ను తెరవండి. ఆ తర్వాతే డ్రైవర్ పవర్ ఇవ్వండి.

ఆఖరి మెట్టులో వరుస ముఖ్యం. కంప్యూటర్ బూట్ అవుతున్నప్పుడు ప్యారలల్ పిన్నులు పైకీ కిందికీ ఆడుతాయి. అప్పటికే డ్రైవర్‌కు పవర్ ఉంటే మోటారు ఉన్నట్టుండి కదులుతుంది. ఆపేటప్పుడు దీనికి ఎదురు వరుస: ముందు డ్రైవర్ పవర్, తర్వాత కంప్యూటర్.

ఎక్స్ పూర్తిగా నడిచాకే వై ముట్టుకోండి. మూడు అక్షాలూ ఒకేసారి కలిపి వెలిగిస్తే, తప్పు ఎక్కడుందో వెతకడానికి మూడింతలకన్నా ఎక్కువ సమయం పోతుంది.

ఎనేబుల్ కలపకపోతే డ్రైవర్ పనిచేస్తుందా?

పనిచేస్తుంది. డీఎం542, టీబీ6600 రెండింటిలోనూ ఆ టెర్మినళ్లు ఖాళీగా ఉంటే డ్రైవర్ ఆన్ అయి ఉన్నట్టే. ఎనేబుల్ ఎల్ఈడీకి కరెంటు ఇస్తే మామూలుగా డ్రైవర్ మోటారును వదిలేస్తుంది, పేరుకు వ్యతిరేకంగా. ‘అన్నీ కలిపాను, మోటారు చేత్తో తిప్పితే తేలిగ్గా తిరుగుతోంది, పట్టు లేదు’ అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే. ఎనేబుల్ వైరు ఒకటి విప్పి చూడండి. పట్టు వస్తే మాక్3లో ఆ పిన్ను ‘యాక్టివ్ లో’ గడిని మార్చాలి.

జెడ్ అక్షంలో డ్రైవర్ మోటారును ఇలా వదిలేస్తే స్పిండిల్ (కట్టర్‌ను తిప్పే మోటారు) తన బరువుకు కిందికి జారిపోతుంది. అందుకే జెడ్‌కు ఖాళీగా వదిలేయడమే మంచిది. జీఆర్‌బీఎల్‌లో $1=255 పెడితే మోటార్లు ఆగి ఉన్నప్పుడూ పట్టు వదలవు.

ఎనేబుల్ కూడా సరిగ్గానే ఉంది, అయినా బోర్డు నుంచి ఏ సిగ్నలూ రావడం లేదు?

కొన్ని బోర్డులు ‘చార్జ్ పంప్’ సిగ్నల్ లేకుండా అవుట్‌పుట్లు తెరవవు. సాఫ్ట్‌వేర్ బతికే ఉందని చెప్పే 12.5 కిలోహెర్ట్జ్ సిగ్నల్ అది. బోర్డు మీద ఆ జంపర్ ఉంటే తీసేయండి, లేదా మాక్3లో చార్జ్ పంప్ ఆన్ చేసి పిన్ను చూపించండి. అది కాకపోతే మాక్3 రీసెట్ బటన్ ఇంకా మెరుస్తోందేమో చూడండి. ఎమర్జెన్సీ స్టాప్ పిన్ను ఖాళీగా ఉంటే అది రీసెట్‌ను వదలదు.

సిగ్నల్‌కు 5 వోల్టులే ఉండాలా? 24 వోల్టుల పీఎల్‌సీ (ఫ్యాక్టరీ మిషన్లను నడిపే కంట్రోలర్) నుంచి ఇవ్వొచ్చా?

డీఎం542 ఇన్‌పుట్లు 5 వోల్టులకు తయారైనవి. 12 వోల్టులైతే ఒక్కో సిగ్నల్‌కు వరుసలో 1 కిలోఓమ్, 24 వోల్టులైతే 2 కిలోఓమ్ రెసిస్టర్ పెట్టాలి. కొత్త మోడళ్లు కొన్నింటిలో 5, 24 వోల్టుల ఎంపిక స్విచ్ ఉంటుంది, ముందు దాన్ని చూడండి. రెసిస్టర్‌ను పల్స్‌కూ డైర్‌కూ విడివిడిగా పెట్టాలి. కామన్ వైరులో ఒకే రెసిస్టర్ పెడితే రెండు ఎల్ఈడీలూ వెలిగినప్పుడు కరెంటు సగానికి పడిపోయి స్టెప్పులు పోతాయి.

ఈఎస్‌పీ32 లాంటి 3.3 వోల్టుల బోర్డు నుంచి నడపొచ్చా?

నేరుగా కలిపితే నమ్మకం లేదు. ఎల్ఈడీ మీదే సుమారు 1.2 వోల్టులు పోతాయి. 270 ఓమ్‌ల లోపలి రెసిస్టర్ ఉందనుకుంటే 5 వోల్టులతో 14 మిల్లీఆంపియర్లు పారే చోట 3.3 వోల్టులతో 8 కూడా రాదు. చలిగా ఉన్న పొద్దున నడిచి మధ్యాహ్నం ఆగే రకం జబ్బు ఇది. కామన్ యానోడ్ పెట్టి పైన 5 వోల్టులు ఇస్తే ఇంకో చిక్కు. పిన్ను 3.3 దగ్గర ఉన్నా 1.7 వోల్టుల తేడా మిగిలి ఎల్ఈడీ పూర్తిగా ఆరదు. మధ్యలో 5 వోల్టులతో నడిచే 74హెచ్‌సీటీ245 బఫర్ పెట్టండి. హెచ్‌సీ కాదు, హెచ్‌సీటీ. 3.3 వోల్టులను నిక్కచ్చిగా ‘పైస్థాయి’గా గుర్తించేది అదే. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట అడిగేటప్పుడు ఆ చివరి అక్షరం చూసి తీసుకోండి.

మోటారు వైర్లలో ఏవి ఏ కాయిల్‌వో ఎలా తెలుసుకోవాలి?

రంగులను నమ్మొద్దు. నలుపు, ఆకుపచ్చ ఒక జంట, ఎరుపు, నీలం ఇంకో జంట అనేది తరచుగా కనిపించేదే, కానీ అది నియమం కాదు. మల్టీమీటర్‌ను ఓమ్‌ల మీద పెట్టి రెండేసి వైర్లు ముట్టించండి. ఒకే కాయిల్ వైర్ల మధ్య నీమా 23లో మామూలుగా 1 నుంచి 3 ఓమ్‌లు చూపిస్తుంది. వేరే కాయిల్ వైరైతే ఏమీ చూపదు. మోటారు బాడీకీ ఏ వైరుకూ మధ్య సంబంధం ఉండకూడదు, అదీ చూడండి.

మీటర్ దగ్గర లేకపోతే రెండు వైర్లను కలిపి ముడివేసి షాఫ్టును వేళ్లతో తిప్పండి. గట్టిగా గతుకులుగా తిరిగితే అవి ఒకే కాయిల్‌వి.

ఆరు వైర్ల మోటారులో ఒక్కో కాయిల్‌కు మధ్య వైరు ఒకటి ఎక్కువ. చివర నుంచి చివరకు ఉన్న నిరోధం చివర నుంచి మధ్యకు ఉన్నదానికి రెట్టింపు. రెండు చివరలు వాడి మధ్య వైరుకు టేపు చుట్టి వదిలేయండి. ఎనిమిది వైర్ల మోటారును ప్యారలల్‌గా కలిపితే ఎక్కువ వేగం దగ్గర టార్క్ (తిప్పే బలం) బాగుంటుంది, కరెంటు ఎక్కువ కావాలి. సీఎన్‌సీకి అదే తగింది. కానీ సగం కాయిల్ దిశ తారుమారు కాకుండా డేటాషీట్ పటాన్ని పక్కన పెట్టుకునే కలపాలి.

మోటారు తిరిగే దిశ తప్పుగా ఉంది.

పవర్ ఆపి ఏ+, ఏ− లను మాత్రమే అటుఇటు మార్చండి. లేదా సాఫ్ట్‌వేర్‌లో డైరెక్షన్ తిప్పండి, జీఆర్‌బీఎల్‌లో అది $3. రెండూ చేస్తే మళ్లీ మొదటికే వస్తారు.

ఎస్ఎంపీఎస్ ఎంత వోల్టేజి, ఎన్ని ఆంపియర్లు?

డీఎం542 తట్టుకునే పరిధి 20 నుంచి 50 వోల్టులు. టీబీ6600 చిప్ పనిచేసే గరిష్ఠం 42. రెండింటికీ 36 వోల్టులు హాయైన చోటు. 24 వోల్టులతో మోటారు తిరుగుతుంది గానీ వేగం పెంచేకొద్దీ టార్క్ త్వరగా పడిపోతుంది, ఎందుకంటే కాయిల్‌లోకి కరెంటును తక్కువ సమయంలో తోయాలంటే వోల్టేజే బలం. 48 వోల్టుల ఎస్ఎంపీఎస్‌ను 50 వోల్టుల డ్రైవర్‌కు పెట్టడం మాత్రం అంచున నడవడం. బరువైన గ్యాంట్రీ (స్పిండిల్‌ను మోసే అడ్డ చట్రం) ఒక్కసారిగా ఆగినప్పుడు మోటారు జనరేటర్‌లా వోల్టేజిని వెనక్కి తోస్తుంది, ఆ రెండు వోల్టుల జాగా చాలదు.

ఆంపియర్ల లెక్క: మోటార్ల ఫేజ్ కరెంట్లు (మోటారు మీద రాసి ఉండే ఆంపియర్లు) కూడి మూడింట రెండొంతులు తీసుకోండి. 2.8 ఆంపియర్ల మోటార్లు మూడైతే 8.4, దానిలో రెండొంతులు 5.6. 36 వోల్టులు 10 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్ ధారాళంగా సరిపోతుంది. ఎస్ఎంపీఎస్ పక్కన 115, 230 వోల్టుల మధ్య జరిపే చిన్న ఎర్ర స్విచ్ ఉంటే అది 230 మీద ఉందో లేదో ప్లగ్గు పెట్టకముందే చూడండి. 115 మీద ఉంటే మన కరెంటుకు లోపలి కెపాసిటర్లు పేలతాయి.

ఒక్కో డ్రైవర్‌కు ఎస్ఎంపీఎస్ నుంచే విడిగా రెండు వైర్లు లాగండి. ఒక డ్రైవర్ నుంచి ఇంకో డ్రైవర్‌కు గొలుసులా కలపొద్దు.

కరెంటు స్విచ్‌లు ఎంతకు పెట్టాలి?

డీఎం542లో మొదటి మూడు స్విచ్‌లు కరెంటుకు. పీక్ (గరిష్ఠ) విలువలు 1.00, 1.46, 1.91, 2.37, 2.84, 3.31, 3.76, 4.20 ఆంపియర్లు. పక్కనే ఆర్ఎంఎస్ (నికర ప్రభావ) విలువలు కూడా ముద్రించి ఉంటాయి, 3.76 పక్కన 2.69 అని. మోటారు మీద 2.8 అని ఉంటే అది మామూలుగా ఆర్ఎంఎస్‌కు దగ్గరి లెక్క. కాబట్టి 3.76 వరకూ వెళ్లొచ్చు. అయినా మొదట 2.84 మీద పెట్టి నడిపించి, బరువుకు ఆగిపోతుంటేనే ఒక మెట్టు పెంచండి. టీబీ6600లో 3 ఆంపియర్లు దాటించకపోతే దాని ఆయుష్షు బాగుంటుంది.

నాలుగో స్విచ్ మోటారు ఆగి ఉన్నప్పటి కరెంటు. సగం మీద ఉంచండి. పూర్తి మీద ఉంటే మోటారు ఊరకే కాలుతుంది. మోటారు బాడీ మీద చెయ్యి ఎక్కువసేపు ఆనించలేనంత వేడి స్టెప్పర్లకు మామూలే, 80 డిగ్రీలు దాటితేనే కరెంటు తగ్గించాలి.

మైక్రోస్టెప్ ఎంత పెడితే మంచిది? ఎక్కువైతే నునుపు పెరుగుతుంది కదా?

కొంతవరకే. మోటారు ఒక చుట్టుకు 200 స్టెప్పులు. ఎనిమిదో వంతు మైక్రోస్టెప్ పెడితే 1600. 5 మి.మీ. పిచ్ బాల్ స్క్రూ (ఒక చుట్టుకు అక్షాన్ని 5 మి.మీ. జరిపేది) అయితే 1600ను 5తో భాగిస్తే మి.మీ.కు 320 స్టెప్పులు. మాక్3 మామూలు 25 కిలోహెర్ట్జ్ (సెకనుకు 25,000 పల్సులు) వేగంలో ఇది సెకనుకు 78 మి.మీ., నిమిషానికి సుమారు 4,690 మి.మీ. పరుగు.

అదే ముప్పైరెండో వంతు పెడితే చుట్టుకు 6400, మి.మీ.కు 1280. అప్పుడు గరిష్ఠ వేగం నిమిషానికి సుమారు 1,170 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది. మోటారుకు శక్తి ఉన్నా కంప్యూటర్ పల్సులు చాలవు. కచ్చితత్వం కూడా నాలుగింతలు కాదు, ఎందుకంటే ఒక్కో చిన్న మైక్రోస్టెప్‌కు దక్కే టార్క్ చాలా తక్కువ, స్క్రూ రాపిడే దాన్ని మింగేస్తుంది. ప్యారలల్ పోర్ట్‌తో అయితే 1600 దగ్గర ఆగండి.

టీబీ6600 అసలు చిప్ పదహారో వంతు వరకే ఇస్తుంది. ‘టీబీ6600’ పేరుతో వచ్చే పెట్టె మీద 32 అని ఉంటే లోపల సాధారణంగా టీబీ67ఎస్109 చిప్ ఉంటుంది. అది చెడ్డదేమీ కాదు, కానీ దాని కరెంటు హద్దు 4 ఆంపియర్లు, వోల్టేజి హద్దు వేరు అని గుర్తుంచుకుని నడపండి.

సాఫ్ట్‌వేర్‌లో పల్స్ సమయాలు ఎంత?

డీఎం542కు పల్స్ వెడల్పు కనీసం 2.5 మైక్రోసెకన్లు, డైరెక్షన్ మారాక పల్స్ రావడానికి కనీసం 5 మైక్రోసెకన్ల వ్యవధి కావాలి. మాక్3 మోటార్ ట్యూనింగ్‌లో స్టెప్ పల్స్ 5, డైర్ పల్స్ 5 పెట్టి ‘సేవ్ యాక్సిస్ సెట్టింగ్స్’ నొక్కండి. నొక్కకుండా ఇంకో అక్షానికి వెళ్తే మార్చింది పోతుంది. లినక్స్‌సీఎన్‌సీలో నానోసెకన్లలో అడుగుతుంది: స్టెప్ టైమ్ 5000, స్టెప్ స్పేస్ 5000, డైరెక్షన్ హోల్డ్ 20000, డైరెక్షన్ సెటప్ 20000 భద్రమైన అంకెలు. జీఆర్‌బీఎల్‌లో $0 మామూలుగా 10 ఉంటుంది, కదపనక్కర్లేదు.

మోటారు తిరగడం లేదు, గుర్రుమని వణుకుతోంది.

మొదటి అనుమానం కాయిల్ జంటలు కలగలిసిపోవడం. ఏ+ లో ఒక కాయిల్ వైరు, ఏ− లో ఇంకో కాయిల్ వైరు పడితే ఇలాగే ఉంటుంది. పవర్ ఆపి డ్రైవర్ టెర్మినళ్ల దగ్గరే ఓమ్‌లు కొలవండి. జంటలు సరిగ్గా ఉంటే తర్వాతి అనుమానం ఒక వైరు లూజు, ఆ తర్వాత ఆక్సిలరేషన్ ఎక్కువ. వేగాన్ని నిమిషానికి 500 మి.మీ.కు, ఆక్సిలరేషన్‌ను సెకను వర్గానికి 100 మి.మీ.కు దింపి చూడండి. అప్పుడు నడిస్తే వైరింగ్ తప్పు కాదు, ట్యూనింగ్ తప్పు.

మోటారు బాగానే తిరుగుతోంది, కానీ పని సాగేకొద్దీ కొలత జరిగిపోతోంది. ఎందుకు?

పూజగది తలుపు మీద చెక్కడం మొదట్లో చక్కగా ఉండి, రెండు గంటల తర్వాత గీతలు మిల్లీమీటరు పక్కకు పడితే చెక్కతో పాటు రోజంతా పోయినట్టే. కారణాలు మూడు రకాలు, వాటిని విడదీసే పరీక్ష ఉంది.

డయల్ గేజ్‌ను అక్షానికి ఆనించి సున్నా చేయండి. కటింగ్ ఏమీ లేకుండా 0 నుంచి 5 మి.మీ.కు, తిరిగి 0కు 200 సార్లు పోయివచ్చే చిన్న ప్రోగ్రాం నెమ్మదిగా నడపండి. చివర గేజ్ చూడండి.

నెమ్మదిగా నడిపినా ఎప్పుడూ ఒకే వైపుకు, రాకపోకల సంఖ్యకు తగినంతగా జరిగితే అది స్టెప్ పోలారిటీ తప్పు. సిగ్నల్ తిరగేసి ఉంటే డ్రైవర్ పల్స్ మొదలును కాక చివరను లెక్కపెడుతుంది. అప్పుడు లెక్కించే క్షణం, డైరెక్షన్ మారే క్షణం దాదాపు ఢీకొంటాయి. ఆప్టోకప్లర్ వెలిగే వేగం, ఆరే వేగం ఒకటి కావు కాబట్టి ఒక వైపు మళ్లింపులోనే తప్పు జరుగుతుంది, రెండో వైపు దాన్ని సరిచేయదు. 320 స్టెప్పుల మి.మీ.లో ఒక్క స్టెప్ 0.003 మి.మీ. మాత్రమే, కంటికి ఆనదు. 200 రాకపోకల్లో ఒక్కో స్టెప్ చొప్పున పోయినా 0.625 మి.మీ. అవుతుంది. ‘స్టెప్ లో యాక్టివ్’ గడిని మార్చి పరీక్ష మళ్లీ చేయండి. జీఆర్‌బీఎల్‌లో దీనికి $2.

నెమ్మదిగా బాగుండి వేగంగా నడిపినప్పుడే జరిగితే మోటారు స్టెప్పులు వదిలేస్తోంది. ఆక్సిలరేషన్ తగ్గించండి, లేదా కరెంటు ఒక మెట్టు పెంచండి.

స్పిండిల్ ఆఫ్‌లో బాగుండి, ఆన్‌లో అటూఇటూ ఎలా పడితే అలా జరిగితే అది నాయిస్, దాని సంగతి తర్వాతి ప్రశ్నలో ఉంది.

ఈ మూడూ కాకపోతే కప్లింగ్ (మోటారు షాఫ్టును స్క్రూకు కలిపే ముక్క) గ్రబ్ స్క్రూ లూజై ఉంటుంది. షాఫ్టుకూ కప్లింగ్‌కూ కలిపి మార్కర్‌తో గీత గీసి, పని తర్వాత అది విడిపోయిందేమో చూడండి. వైరింగ్ తిరగతోడే ముందే ఈ రెండు నిమిషాల పని చేయడం మేలు.

స్పిండిల్ ఆన్ చేయగానే లిమిట్ స్విచ్ తగిలినట్టు మిషన్ ఆగిపోతోంది.

స్పిండిల్ వీఎఫ్‌డీ (స్పిండిల్ వేగాన్ని మార్చే పెట్టె) వైరు చుట్టూ విడుదలయ్యే నాయిస్ సిగ్నల్ వైర్లలోకి ఎక్కుతోంది. స్పిండిల్ కేబుల్ షీల్డెడ్ అయి, వీఎఫ్‌డీ వైపు ఎర్త్‌కు కలిసి ఉండాలి. సిగ్నల్ వైర్లు, లిమిట్ వైర్లు దాని నుంచి కనీసం 10 సెం.మీ. దూరంగా వెళ్లాలి, దాటక తప్పని చోట అడ్డంగా దాటాలి. సిగ్నల్ కేబుల్ షీల్డ్‌ను బోర్డు ఉన్న పెట్టె వైపు మాత్రమే ఎర్త్ చేయండి. రెండు వైపులా కలిపితే ఆ షీల్డే నాయిస్ తిరిగే దారి అవుతుంది. ఎర్త్‌లన్నీ పెట్టెలో ఒకే బోల్టుకు రావాలి.

లిమిట్ స్విచ్‌లకు సాధారణంగా మూసి ఉండే కాంటాక్టులు వాడండి. వైరు తెగినా మిషన్ ఆగుతుంది, నాయిస్‌కూ తక్కువగా లొంగుతుంది. అప్పటికీ నాయిస్ తగ్గకపోతే ఇన్‌పుట్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. స్టెప్ లైన్లకు మాత్రం కెపాసిటర్ పెట్టొద్దు, పల్సులనే మింగేస్తుంది.

ఇల్లు పాతదై సాకెట్‌లో ఎర్త్ పేరుకే ఉంటే ఇవేవీ పూర్తిగా పనిచేయవు. ముందు ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ పిట్ చూపించుకోండి. నాయిస్ సంగతి అలా ఉంచితే, అది ప్రాణానికి సంబంధించిన విషయం.

వై అక్షానికి రెండు మోటార్లు ఉన్నాయి. రెండు డ్రైవర్లనూ ఒకే పిన్నుకు కలపొచ్చా?

రెండు ఆప్టోలు కలిసి 20 మిల్లీఆంపియర్లు అడుగుతాయి. చవక బోర్డుల మీది బఫర్‌కు అది భారమే, వోల్టేజి కుంగి స్టెప్పులు తప్పుతాయి. నాలుగో అక్షం టెర్మినళ్లు ఖాళీగానే ఉంటాయి కాబట్టి రెండో డ్రైవర్‌ను అక్కడ కలిపి, మాక్3లో దాన్ని వైకి ‘స్లేవ్’ చేయండి. రెండు మోటార్లు ఎదురెదురుగా ఉంటే ఒకదాని డైరెక్షన్ తిప్పాలి. గ్యాంట్రీకి బిగించకముందే, స్క్రూలు విడిగా ఉన్నప్పుడే రెండూ ఒకే వైపు నడుస్తున్నాయని చూసుకోండి. ఎదురుగా లాగితే గ్యాంట్రీ మెలిపడుతుంది.

ఎమర్జెన్సీ స్టాప్ ఎక్కడ పెట్టాలి?

సాఫ్ట్‌వేర్ పిన్నుకు మాత్రమే కలిపితే చాలదు, కంప్యూటర్ వేలాడిపోయిన రోజు అది ఆపదు. రెండు కాంటాక్టులున్న పుట్టగొడుగు బటన్ తీసుకోండి. ఒకటి బోర్డు ఇన్‌పుట్‌కు, రెండోది కాంటాక్టర్ (పెద్ద కరెంటును తెంచే రిలే) కాయిల్‌కు. కాంటాక్టర్ డ్రైవర్ల ఎస్ఎంపీఎస్‌కూ వీఎఫ్‌డీకీ వెళ్లే 230 వోల్టులను తెంచాలి. డ్రైవర్‌కూ మోటారుకూ మధ్య ఎలాంటి స్విచ్ పెట్టకూడదు.

డ్రైవర్లు మళ్లీ మళ్లీ కాలిపోతున్నాయి. ఎందుకు?

ఎక్కువగా చూసే కారణం పవర్ ఉండగా మోటారు ప్లగ్గు పీకడం. కాయిల్‌లో నిలిచి ఉన్న కరెంటు ఒక్కసారిగా తెగితే పెద్ద వోల్టేజి పుట్టి డ్రైవర్ ట్రాన్సిస్టర్లను చంపుతుంది. కదులుతున్న కేబుల్‌లో వైరు లోపల తెగి అతుక్కుంటూ ఉన్నా జరిగేది ఇదే, అందుకే డ్రాగ్ చెయిన్‌లో (కదిలే కేబుళ్లను మోసే గొలుసులో) గట్టి ఇంటి వైరు కాక సన్నపోగుల వైరు వేయాలి. పవర్ ఆపాక కూడా డ్రైవర్ మీది లైటు ఆరేదాకా ఆగి వైర్లు ముట్టుకోండి.

రెండో కారణం, మిషన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు గ్యాంట్రీని చేత్తో వేగంగా తోయడం. మోటార్లు వోల్టేజి పుట్టించి డ్రైవర్ లైట్లు వెలుగుతాయి. లైటు వెలిగేంత వేగంగా తోయొద్దు.

మూడోది వేడి. మూసిన పెట్టెలో మూడు డ్రైవర్లు, ఒక ఎస్ఎంపీఎస్, ఒక వీఎఫ్‌డీ ఉంటే మే నెలలో మన గదులు 40 డిగ్రీలు దాటినప్పుడు లోపల ఇంకెంత ఉంటుందో ఊహించండి. డ్రైవర్లను నిలువుగా, మధ్య 3 సెం.మీ. ఖాళీతో బిగించి, కింద గాలి లోపలికి లాగే ఫ్యాను, పైన గాలి పోయే రంధ్రాలు పెట్టండి. ఫ్యానుకు జాలి ఫిల్టర్ ఉండాలి, చెక్క పొడి హీట్ సింక్ రెక్కల మధ్య పేరుకుంటే ఫ్యాను ఉన్నా లేనట్టే. డ్రైవర్ ఎర్ర లైటు వెలిగి ఆగి, చల్లారాక మళ్లీ నడిస్తే ముందు ఆ ఫిల్టర్ తీసి దులపండి.